గొడుగుగుడ్డ సంచి

సంచిని చిటికెన వేలితో ఎత్తగలిగిన రోజున సైలస్‌కు చాలా కాలం తర్వాత కంటినిండా నిద్ర పట్టింది.

పార్వతీపురంలో ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అతను అసిస్టెంటు. నలభై దాటాయి. కుడి మోకాలు అరిగిందని డాక్టరు చెప్పాడు. అరకు నుంచి సంత దారులు పట్టుకుని, కొండల మీదుగా, చింతూరు దగ్గర శబరి ఒడ్డు దాకా నడవాలని కిందటేడు బయల్దేరి, రెండో నాడే మోకాలు కుండలా వాచిపోయి, ఎవరిదో జీపులో వెనక్కి వచ్చేశాడు. అప్పుడు వీపు మీద పద్నాలుగు కిలోలు ఉండేవి.

అతనికి ఇంట్లోనైనా, కాలేజీలోనైనా, చర్చిలోనైనా, ఎవరి ముందు నిలబడినా వాళ్ళు తన నుంచి ఏదో కోరుతున్నారనీ, అదేమిటో తనకు తెలియడం లేదనీ అనిపించేది. ఎత్తులో ఒంటరిగా నడుస్తున్నప్పుడు మాత్రం ఆ అనుమానం నోరు మూసుకునేది. కిందటేడు ఆ ఒక్క రోజులో అంత మాత్రం రుచి చూశాడు. దాని కోసమే మళ్ళీ వెళ్ళాలి.

ఫోన్‌లో చూపించే విదేశీ సంచులూ గుడారాలూ అతని జీతానికి అందేవి కావు. అందుకని ఉన్నవాటితోనే మొదలుపెట్టాడు. పాడైన గొడుగుల గుడ్డలు పోగుచేసి టైలరు వరహాలు చేత సంచి కుట్టించాడు. పట్టీలకు పాత సామాన్ల కొట్లో కారు సీటుబెల్టులు దొరికాయి. టీవీ పెట్టెలో వచ్చే మెత్తని స్పాంజి పలక పరుపయింది. గోడలకు రంగులేసేవాళ్ళు నేల మీద పరిచే పల్చటి ప్లాస్టిక్ కాగితం గుడారమయింది. కూల్‌డ్రింకు డబ్బాను కత్తిరించి స్పిరిటు పొయ్యి చేశాడు. వరహాలు సంచిని ఎగరేసి పట్టుకుని, ఇది సంచా గాలిపటమా మాస్టారూ అని నవ్వాడు. ఇచ్చేటప్పుడు మాత్రం నవ్వకుండా చెప్పాడు, నాలుగైదు కిలోలు దాటితే కుట్లు తన మాట వినవని.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ల్యాబులో త్రాసు మీద ఒక్కొక్క వస్తువూ పెట్టి చూసేవాడు. టూత్‌బ్రష్ పిడి కోసేశాడు. తువ్వాలును సగానికి చింపాడు. చొక్కా కాలరు వెనక కంపెనీ పేరుతో ఉండే గుడ్డ ముక్కను కూడా వదల్లేదు. మొదట్లో ఇది మోకాలి కోసమే. ఎక్కడో ఒకచోట అది మారిపోయింది. ఏదైనా చేతిలోకి తీసుకోగానే, ఇది లేకపోతే ఏమవుతుంది అని మనసు అడిగేది. ఏమీ కాదు అన్న జవాబు వచ్చిన ప్రతిసారీ ఒంట్లో చిన్న జల్లు పుట్టేది.

తల్లి చదువుకున్న బైబిలులోంచి కీర్తనల కాగితాలు మాత్రం బ్లేడుతో కోసి తీసుకున్నాడు. అతని భార్య ఫ్లోరెన్స్ అది చూసింది. మిగిలిన బైబిలును తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. మర్నాడు అన్నం వడ్డిస్తూ అంది:

"మమ్మల్ని కూడా తూచేవా? ఎంతొచ్చేం?"

నవ్వుతూనే అంది. అతనూ నవ్వాడు. తాను జవాబు చెప్పలేదన్న సంగతి చెయ్యి కడుక్కునేటప్పుడు తట్టింది. అప్పటికి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

కొండవాలుల మీద పసుపు వలిసె పూలు రాలిపోయే రోజుల్లో అరకులో రైలు దిగాడు. పొద్దున్నే మంచు, మధ్యాహ్నం సన్నటి ఎండ. మోకాలు పేచీ పెట్టలేదు. సంచి వీపు మీద ఉన్నట్టే లేదు. వేసిన లెక్కలన్నీ సరిపోయాయి. వెయ్యని లెక్క ఒక్కటే మిగిలింది.

రాత్రి తలదాచుకున్న ప్రతి పల్లెలోనూ, పొద్దున బయల్దేరేటప్పుడు సంచిలో ఏదో ఒకటి పెట్టేవాళ్ళు. ఒకచోట పచ్చి అల్లం, ఒకచోట చిలగడదుంపలు, ఇంకోచోట ఏకంగా గుమ్మడికాయ. తమ ఇంట తిన్న మనిషిని ఖాళీ సంచితో పంపడం ఆ కొండల్లో లేదు. పైగా సంచి అంత పల్చగా ఉండేసరికి, ఇతని వెనక ఎవరూ లేరనుకునేవారు. ఆడవాళ్ళు ఇంకాస్త ఎక్కువ పెట్టేవారు. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకునేవారు. అతను గుమ్మడికాయను దారిలో బడి వంటమనిషికి ఇచ్చాడు. అల్లం టీ కొట్టువాడికి ఇచ్చాడు. వదిలించుకున్న ప్రతిసారీ ల్యాబులో పుట్టిన ఆ జల్లే పుట్టేది. దాని అడుగున, దొంగతనం చేసినవాడికి ఉండే బెదురు కూడా కొంచెం ఉండేది. దాన్ని అతను పట్టించుకోలేదు.

హుకుంపేట దాటిన తర్వాత ఒక కొండ కొసన పది పన్నెండు ఇళ్ళ పల్లె తగిలింది. అందులో చివరి ఇల్లు సోములమ్మది. డెబ్భై ఏళ్ళుంటాయేమో. మొగుడూ కొడుకూ పోయారు. కూతురు హుకుంపేట దగ్గర కాపురం ఉంటోంది. ఆకు పసర్లు తెలిసిన మనిషి కాబట్టి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు జబ్బు చేస్తే ఆమె దగ్గరకే వచ్చేవారట. ఈ మధ్య రావడం లేదని చెప్పింది. ఎందుకని అతను అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుంది.

సంచిని ఎత్తి చూసి, "ఏటి బాబూ, ఇందులో ఏటున్నాది? గాలా?" అంది.

పంచలో కూర్చోబెట్టి సామ అన్నం పెట్టింది. ఎవరి మనిషివని ఆరా తీసింది. అతని నాయనమ్మ ఈ కొండల మనిషే, పార్వతీపురం మిషనులో కలిసి అక్కడే ఉండిపోయింది అని తెలిశాక ఆమె ముఖం విప్పారింది. అయితే మా గుంటడివే అని ఇంకో గరిటె వేసింది. సాయంత్రమంతా పంచలో ఒక మూల తిరగలి తిప్పుతూ కూర్చుంది. కింది రాయి మధ్యలో కొద్దిగా పల్లం పడింది. అది తన అత్తగారి చేతి నుంచి తన చేతికొచ్చిందని చెప్పింది.

పొద్దున అతను సంచి తగిలించుకుంటుంటే లోపలికి వెళ్ళి ఒక మూట తెచ్చింది. నీలంరంగు పాత చీర చెంగు చింపి, అందులో సామ బియ్యం పోసి, పైన రెండు ముళ్ళు వేసింది. రెండు కిలోలకు తక్కువుండవు. బరువవుతుందమ్మా అన్నాడు.

"బరువేటి? ఒండుకు తింటే కడుపులోకెల్లిపోతాది. తోవలో ఎవుళు పెడతారు నీకు?"

తీసుకున్నాడు. ఆమె పల్లె చివరి దాకా వచ్చి నిలబడింది. మలుపు తిరిగే వరకూ ఆ చూపు వీపుకు తగులుతూనే ఉంది.

*

ఆ పల్లెకూ అవతలి పల్లెకూ మధ్య నిట్టనిలువు కొండ. సగం ఎక్కేసరికి మోకాలు చిటుక్కుమంది. నొప్పి కాదు, నొప్పి వస్తానని చెప్పిన కబురు. సైలస్ అక్కడే ఆగి మూట గురించి ఆలోచించాడు. ఇంకా ఎన్నో కొండలున్నాయి. ఈ రెండు కిలోల కోసం మళ్ళీ జీపులో వెనక్కి పోవాలా? ముసలామెతో ముందే వద్దనాల్సింది. అనలేకపోయాడు. తన బతుకంతా ఇదే కదా, ఎవరో ఏదో చేతిలో పెడతారు, తాను వద్దనలేడు.

కొండ నెత్తిన రెండు పల్లెల పొలిమేర. అక్కడ దారి పక్కన ఒక రాయి, దాని చుట్టూ వచ్చేపోయేవాళ్ళు వేసిన ఎండు రెమ్మల కుప్ప. మూటను తీసి, దొర్లిపోకుండా రాయి ముందు చదునుగా ఉన్న చోట జాగ్రత్తగా పెట్టాడు. ఎవరో అవసరమున్నవాళ్ళు తీసుకుంటారు, పారేయడం కాదు కదా అనుకున్నాడు. పెట్టి చెయ్యి వెనక్కి తీసేటప్పుడు మణికట్టును ఎవరో పట్టుకున్నట్టయింది.

చిన్నప్పుడు నాయనమ్మతో ఇలాంటి పొలిమేరే దాటుతుంటే దారిలో గుడ్డమూట కనిపించింది. అతను దాన్ని దాటబోతే నాయనమ్మ మణికట్టు పట్టి లాగింది. పల్లెలో జ్వరాలు వస్తే ఇంటి గింజల్ని ఇంటి గుడ్డలో కట్టి పొలిమేర మీద పెడతారనీ, జబ్బు దాంతో పాటు అవతలి పల్లెకు పోతుందని నమ్ముతారనీ చెప్పింది. దాన్ని చూసిన అవతలివాళ్ళు ఊరుకోరని కూడా చెప్పింది. అదంతా సాతాను మాట అని వెంటనే ఒక ముక్క కలిపింది. అంటూనే, మూటకు దూరంగా, ముళ్ళలోంచి చుట్టూ తిరిగి నడిపించింది.

ఇదంతా సైలస్‌కు తెలుసు. తెలుసునన్న సంగతి మాత్రం ఆ క్షణాన పైకి రాలేదు. మణికట్టు దగ్గర చల్లగా ఏదో తగిలింది, మంచనుకున్నాడు. సంచి సర్దుకుని దిగువకు నడిచాడు. ఒళ్ళు తేలికైపోయింది. దారిలో సన్నగా ఈల వేశాడు కూడా.

*

దిగువ పల్లెలో ఆగలేదు. ఒక ఇంటి ముందు నలుగురైదుగురు గుమిగూడి ఉంటే తల తిప్పుకుని దాటేశాడు. దాని తర్వాత రోడ్డు మీద సంత జరిగే ఊరు. అక్కడ టీ కొట్టు బల్ల మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటుంటే ఒకమ్మాయి రొప్పుతూ వచ్చింది. పేరు రత్న. దిగువ పల్లె మనిషే, అక్కడ ఆశా కార్యకర్త. ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం కొట్టు చుట్టూ తిరుగుతోంది. కొట్టువాడు ఏమైందని అడిగితే చెప్పింది. ఫల్గుణ కొడుక్కి జ్వరం. రక్తపరీక్ష చేద్దామంటే కిట్లు నిన్ననే అయిపోయాయి, కొత్తవి తీసుకుపోవడానికి వచ్చింది. ఈలోపు పొలిమేర మీద మూట కనిపించింది. అది ఎగువ పల్లె సోములమ్మ చీర ముక్క. చిల్లంగి పెట్టిందని, చేతబడి చేసిందని, ఫల్గుణా అతని బామ్మర్దులూ ఆమెను తేవడానికి ఎగువకు వెళ్ళారు.

"ఆ నీలం చీర ఆవిడొక్కత్తే కడతాది. ఎవులికి తెలీదు? నాను సెప్తే ఇంతన్నారా," అంది.

సిగ్నల్ అందాక పోలీసు స్టేషనుకు ఫోన్ చేస్తే జీపు వేరే పని మీద వెళ్ళింది, వస్తామన్నారట.

సైలస్ చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని తాగేశాడు. ఇంకో టీ ఇమ్మన్నాడు, అదీ తాగాడు. లేచి, సంచి తగిలించుకుని, చింతూరు వైపు దారి పట్టాడు.

అలా ఎంత దూరం నడిచాడో అతనికి గుర్తు లేదు. కాళ్ళు నడుస్తుంటే మనసు చురుగ్గా, ఒక వకీలులాగా పనిచేసింది. ఆ అమ్మాయి ఫోన్ చేసింది, పోలీసులొస్తారు. వాళ్ళ గొడవలు వాళ్ళకు కొత్త కాదు. వెనక్కి పోయి చెబితే తనను కూడా కొడతారు. మోకాలితో ఆ కొండ మళ్ళీ ఎక్కడం ఎలాగూ కుదరదు. ఇక్కడికి వచ్చేసరికి వకీలు ఆగిపోయాడు. మోకాలు నొప్పి పెట్టడం లేదు. సైలస్ నిలబడి కాలు వంచి చూశాడు, చాచి చూశాడు. నొప్పి రావాలని నిజంగా కోరుకున్నాడు. రాలేదు. సంచి తేలిగ్గా ఉంది, కాలు బాగుంది, పొద్దు ఇంకా ఉంది. వెనక్కి వెళ్ళకుండా ఉండటానికి తన దగ్గర ఏ కారణమూ మిగలకుండా తానే జాగ్రత్తగా అన్నీ తీసేసుకున్నాడు.

టీ కొట్టు దగ్గరకు వచ్చేసరికి రత్న కిట్లు సంచిలో వేసుకుని బయల్దేరుతోంది.

"ఆ మూట పెట్టింది నేను."

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఎందుకు పెట్టేరు సార్?"

"బరువని."

రత్న కిట్ల సంచి భుజానికెత్తుకుంది. బేగి నడవండి అని ముందుకు సాగింది.

*

పొలిమేర దగ్గర జనం ఉన్నారు. మూట చుట్టూ ముళ్ళకంప పేర్చారు. దానికి ఇవతల, నేల మీద సోములమ్మ కూర్చుని ఉంది. ముడి ఊడి జుట్టు చెదిరిపోయి ఉంది, మోచెయ్యి దోక్కుపోయింది. సైలస్‌ను చూసి ఆమె ముఖంలో ఏదో వెలిగింది. తనవాడు వచ్చాడనుకుంది కాబోలు. ఆ వెలుగును అతను చూడలేకపోయాడు.

ఫల్గుణ బక్కపల్చటి మనిషి. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. పేరుతో మొదలుపెట్టి సైలస్ చెప్పింది మొత్తం విన్నాడు. కోపంగా కూడా లేడు.

"సర్చి మనిషివి. ముసిల్దాన్ని కాయడానికొచ్చినావు."

"కాదు. ఆవిడ నాకు తినమని ఇచ్చింది. నేనే ఇక్కడ పెట్టాను."

"తినడానికిత్తే ఇక్కడెందుకొగ్గేసినావు?"

"బరువని."

వెనక కట్టెల మోపు నెత్తిన పెట్టుకునే నిలబడిన ఒకావిడ నవ్వింది. రెండు కేజీలు బరువంటన్నాడర్రా అంది. మిగతావాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు మంచిది కాదు. చిల్లంగిని వాళ్ళు నమ్మగలరు, అది వాళ్ళు విన్నదే. ఒకరింటి గింజల్ని ఒక మనిషి బరువని దారిలో వదిలేసి పోతాడన్నది నమ్మదగ్గ మాట కాదు. ఫల్గుణ మళ్ళీ సోములమ్మ వైపు తిరిగాడు. అతని బామ్మర్ది చేతిలో కర్ర ఉంది.

అప్పుడు సైలస్ సంచి విప్పాడు. ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టాడు. సగం తువ్వాలు. రెండంగుళాల టూత్‌బ్రష్. డబ్బా పొయ్యి. అంచులు కోసేసిన ప్లాస్టిక్ కాగితం. గుడ్డ ముక్క కోసేసిన చొక్కాను తిరగేసి కాలరు చూపించాడు. కోసిన కీర్తనల కాగితాలు చూపించాడు. ప్రతిదాన్నీ ఎందుకు కోశాడో, ఎంత తగ్గిందో చెప్పాడు. మొదట వాళ్ళకు చెబుతున్నాననుకున్నాడు. చెబుతున్నకొద్దీ తన గొంతు తనకే వినిపించసాగింది. ల్యాబులో సాయంత్రాలు ఒక్కడే తలుపు వేసుకుని చేసిన పని అంతా ఈ కొండ నెత్తిన పరిచి ఉంది. అది ఒక తెలివిలా కనిపించడం లేదు. అవి ఏదో పెద్ద జంతువు కొరికి వదిలేసిన ముక్కల్లా ఉన్నాయి.

ఫల్గుణ వంగి టూత్‌బ్రష్ తీసుకున్నాడు. ఇటూ అటూ తిప్పాడు. పిడి కోసిన చోట బొటనవేలితో రాసి చూశాడు. బామ్మర్దికి అందించాడు. అది చేతులు మారుతూ కట్టెల మోపు ఆవిడ దాకా పోయింది.

"ఈ మనిసికి ఏదో అయినాది," అన్నాడు ఫల్గుణ మెల్లగా. ఈసారి ఎవరూ నవ్వలేదు. నమ్మారని సైలస్‌కు అర్థమైంది.

అయినా ఫల్గుణకు ఒక మెలిక మిగిలింది. అందులో ఏమీ లేకపోతే అందరి ఎదుటా వండుకు తిను అన్నాడు. సైలస్ ముళ్ళకంప తొలగించి మూట విప్పాడు. అతని గిన్నె ఒక గ్లాసంత. స్పిరిటు అడుగంటింది. మంట నీలంగా, కనపడీ కనపడకుండా ఉంది. నీళ్ళు కాగడానికి చాలాసేపు పట్టింది. జనం నిలబడి చూస్తూనే ఉన్నారు. పొయ్యి మధ్యలో ఆరిపోతే ఎవరో రాయి చుట్టూ ఉన్న ఎండు రెమ్మలు విరిచి అందించబోయారు, అవి రాయికి వేసినవని గుర్తొచ్చి వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సైలస్ చుట్టుపక్కల దొరికిన చెమ్మ పుల్లలతో పోరాడి మంట పెట్టాడు. సగం ఉడికిన సామ అన్నాన్ని వేళ్ళతో తీసి నోట్లో పెట్టుకున్నాడు. పలుకులు పంటికింద చిట్లాయి. ఉప్పు లేదు. అంతా తిన్నాడు.

సోములమ్మ అతను తింటున్నంతసేపూ చూసింది. ముఖంలో ఆ వెలుగు లేదు.

"ఆకలికిచ్చిన గింజలు బాబూ అవి," అంది. "సాచ్చికానికి కాదు."

*

పోలీసు జీపు రానేలేదు. ఆ రాత్రి అతన్ని వదల్లేదు. తిన్నవాడు తెల్లారేదాకా బాగుంటేనే నమ్మేది అన్నారు. దిగువ పల్లెలో ఫల్గుణ ఇంటి పంచలో పడుకోబెట్టారు. సోములమ్మను రత్న తన ఇంట్లో ఉంచుకుంది. కుర్రాడికి చేసిన పరీక్షలో మలేరియా అని తేలింది, రాత్రే మాత్రలు వేశారు. తెల్లారేసరికి జ్వరం కాస్త దిగింది. సైలస్ కూడా బాగానే ఉన్నాడు. జనం ఒక్కొక్కరే ఇళ్ళకు పోయారు. తప్పయిందని ఎవరూ అనలేదు. అలా అనాల్సినవాడు తాను తప్ప ఎవరూ లేరనిపించింది అతనికి. ఫల్గుణ మాత్రం కొంత దూరం సోములమ్మ వెంట వచ్చి, పెద్దమ్మా, ఇంటికెల్లు, ఇంకేటీ అనుకోకు అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

సైలస్ మూట పట్టుకుని ఆమె వెనకే ఎగువకు ఎక్కాడు. గుమ్మం దగ్గర దాన్ని అందించబోతే ఆమె అడ్డంగా చెయ్యి పెట్టింది.

"పొలిమేరన పెట్టిన గింజ ఇంటికి రాదు."

మాట మామూలుగానే అంది, ఇక్కడ చెప్పులు విప్పు అన్నట్టు. అప్పుడతనికి తెలిసింది, ఆమె కూడా నమ్ముతుందని. తన మీద పెట్టిన నింద అబద్ధమని అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. అయినా ఆ మూట ఆమెకు మామూలు మూట కాదు, ఎప్పటికీ కాదు. అతను దాన్ని పంచ బయట నిలబడి పట్టుకునే ఉన్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎక్కడ పెట్టినా ఏదో ఒక మాట అన్నట్టే అవుతుంది. చివరికి తన సంచిలోనే పెట్టుకున్నాడు.

లోపల సామాన్లు కదిలిన చప్పుడు. ఆమె వెదురు బుట్ట తెచ్చి పంచలో పెట్టింది. రెండు చీరలు, ఒక కంబళి, సత్తు గిన్నె, పసర్ల వేళ్ళు కట్టిన గుడ్డ, కొడవలి. హుకుంపేట దగ్గర కూతురింటికి పోతానంది. ఎన్నాళ్ళకని అడిగాడు. ఆమె కుండల వైపు చూసింది, తలుపు వైపు చూసింది. ఇంక వాళ్ళేమీ అనరు కదా అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో.

"ఈసారి అనరు. మల్లీ ఎవులికో జొరమొత్తాది. అప్పుడు ఎవుళొచ్చి మూట ఇప్పి సూపిత్తారు?"

బుట్ట నిండింది. ఆమె దాన్ని ఎత్తి చూసి, దించి, కొడవలి తీసింది. ఎత్తి చూసి, గిన్నె తీసింది. మెడ వణికింది. సైలస్‌కు ఆ కదలికలన్నీ తెలుసు. ఎత్తడం, ఒక్క క్షణం ఆగడం, దించడం, చేతిలోకి తీసుకుని ఇది లేకపోతే ఏమవుతుందని అడగడం. తేడా ఒక్కటే, ఆమెకు ప్రతిసారీ జవాబు వస్తోంది, ఆ జవాబుకు ముఖం మారుతోంది.

ఆమె తలెత్తింది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది.

"బరువు తగ్గించడం తెలిసినోడివి. ఏటి ఒగ్గీమంటావు, సెప్పు."

పంచ మూల తిరగలి ఉంది. ఆమె దాని వైపు చూడకుండా జాగ్రత్తపడుతోందని అప్పటికే గమనించాడు.

సంచిలోంచి పొయ్యీ, గిన్నే, స్పాంజి పలకా, ప్లాస్టిక్ కాగితమూ తీసి పంచలో ఒక పక్కన పెట్టాడు. మూట మాత్రం ఉంచాడు. తిరగలి పైరాయిని రెండు చేతులా ఎత్తి సంచిలోకి దించాడు. గొడుగుగుడ్డ బిగుసుకుని రాయి ఆకారంలోకి వచ్చింది. కింది రాయిని చేతుల్లోకి తీసుకోబోతే ఆమె వద్దంది. అది కదలదు, నేలలో కూరుకుపోయింది అంది. ఇద్దరూ కాసేపు దాని వైపు చూశారు. మధ్యలో పల్లం, పల్లంలో మొన్నటి పిండి.

ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. తలుపుకు తాళం లేదు, తాడు కట్టింది. సైలస్ వెనక. దారి హుకుంపేట వైపు, అంటే అతను వచ్చిన వైపే. చింతూరు వీపు వెనక్కి పోయింది. మొదటి దిగుడులోనే మోకాలిని నొప్పి అందుకుంది, నిన్న పిలిస్తే రానిది. భుజం దగ్గర సీటుబెల్టు పట్టీ కింద దారం ఒకటి తెగిన చప్పుడు వినిపించింది. కొంత దూరం పోయాక ఇంకొకటి. అతను చేతులు వెనక్కి పెట్టి సంచి అడుగును రెండు అరచేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ముందు ఆమె ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాతి కుట్టు కోసం వింటూ అతను ఆమె అడుగులో అడుగు వేశాడు.